ఆరో ప్యానెల్ కూడా వంగింది

గది గోడకి బిగించడానికి వరిగడ్డి మీద పుట్టగొడుగు పోగులు పెంచి ప్యానెళ్లు చేస్తున్నాను. ఈసారి చదునుగా వస్తుందని గట్టిగా నమ్మాను. నిన్న సాయంత్రం డాబా మీద నుంచి ఆరో బ్యాచ్ దించి వంటింటి గ్రానైట్ మీద పెట్టాను. నాలుగు మూలలూ పైకి లేచి, పళ్లెంలా ఉంది. స్కేలు పెట్టి కొలిస్తే ఒక మూల 9 మిల్లీమీటర్లు, మిగతావి 11, 12, 14. పక్కపక్కన బిగిస్తే అంచులు కలవవు. మూడు వారాల పని. రాత్రి సరిగా నిద్ర పట్టలేదు.

కొలత ఎప్పటిదే: 30 × 30, మందం 4 సెంటీమీటర్లు. వరిగడ్డి, ముత్యపు చిప్ప పుట్టగొడుగు స్పాన్ (విత్తనం). బూజు ఎక్కడా పట్టలేదు. సున్నపు నీళ్లు మానేసి, 70 డిగ్రీల వేడినీళ్లలో గంట నానబెట్టడం మొదలుపెట్టాక ఆ బాధ తప్పింది. ట్రేలు తుడవడానికి డెట్టాల్ కంటే స్పిరిటే నయం, వాసన మిగలదు. అదే గడ్డితో చేసిన లాంప్‌షేడ్ చక్కగా వచ్చింది, హాల్లో వెలుగుతోంది.

వంపు సంగతికి వస్తాను. ఇటుకలేమీ పెట్టకుండా ఆరబెట్టిన ఒక పాత ప్యానెల్ ట్రేలోంచి తీసినప్పుడు బరువు 1,080 గ్రాములు. ఎండలో రోజూ సాయంత్రం తూకం వేశాను: 690, 470, 385, 352, 350. మొదటి రోజు సాయంత్రానికే మూలలు సగటున 6 మిల్లీమీటర్లు లేచాయి. మూడో రోజు తర్వాత ఇక పెరగలేదు. అంటే లోపల ఇంకా తడి ఉండగానే వంగడం మొదలైంది.

ముందు ఎండనే అనుమానించాను. నాలుగో బ్యాచ్‌ని నీడలో, ఫ్యాన్ కింద ఆరబెట్టాను. అయినా 8 వంగింది. ఐదోదాన్ని రెండు గంటలకోసారి తిప్పితే 7. ఈసారి మొదటి రెండు రోజులు పైన ఇనప జాలీ వేసి, దాని మీద ఇటుకలు పెట్టాను, మొత్తం ఆరు కిలోలు. ఇటుకలు ఉన్నంతసేపూ చదునుగానే ఉంది. తీసిన మర్నాటికి మళ్లీ లేచింది, అన్నిటికంటే ఎక్కువగా. బరువు పెట్టి వంపు తీయాలనుకోవడం తప్పని నాకిప్పుడు అర్థమైంది.

ఆక్సా బ్లేడుతో అడ్డంగా కోసి చూశాను. గాలి తగిలిన పైవైపు తెల్లటి తోలు దాదాపు 2 మిల్లీమీటర్ల మందం ఉంది. ట్రేకి ఆనుకున్న వైపు కాగితమంత పలచగా ఉండి, గడ్డి పోచలు బయటికే కనిపిస్తున్నాయి. ఆరు బ్యాచ్‌లలోనూ వంపు తోలు మందంగా ఉన్న వైపుకే. ఆ తోలంతా శిలీంధ్రపు పోగులే, తడి పోగానే బాగా ముడుచుకుంటుంది. గడ్డి అంతగా ముడుచుకోదు. ఒకవైపే లాగితే వంగక ఏం చేస్తుంది?

దీనికి చిన్న సాక్ష్యం కూడా ఉంది. ట్రే పగిలి, ఒక 5 సెంటీమీటర్ల వెడల్పు ముక్క పన్నెండో రోజు నుంచి తలకిందులుగా పెరిగింది, రెండు వైపులా తోలు పట్టింది. చిన్న ముక్కలో వంపు ఎలాగూ తక్కువ కనిపిస్తుంది కానీ, దీని పొడవు కూడా 30 సెంటీమీటర్లే. వంపు 3 మిల్లీమీటర్లు!

ఇటలీలో మోగు కంపెనీ బట్టల వ్యర్థాల మీద ఇదే పద్ధతిలో గోడ ప్యానెళ్లు పెంచి అమ్ముతోంది. వాటి అంచులు చూస్తే అసూయగా ఉంటుంది. అయినా శబ్దం తగ్గించే నల్లటి ఫోమ్ షీట్లు కొని అతికించే పని మాత్రం చేయను. కొన్నేళ్లకే పొడిపొడిగా రాలతాయి, పారేయడానికీ దారి ఉండదు. ఫెవికాల్‌తో అంటించడమూ నాకిష్టం లేదు. పాతబడ్డాక ఊడదీసి ఎరువు గుంటలో వేయగలగాలి, అందుకే వెదురు మేకులే.

ఏడో బ్యాచ్‌కి ట్రే వాడను. చెక్క ఫ్రేముకి రెండు వైపులా తడిక కట్టి నిలువుగా పెంచుతాను, పదో రోజున తడికలు తీసేసి నాలుగు రోజులు గాలి తగలనిస్తాను. మూలలు 3 మిల్లీమీటర్ల లోపు ఆగితే గదికి కావలసిన పన్నెండూ ఒకేసారి మొదలుపెడతాను. ఆ తర్వాత పత్తి కట్టె. కరీంనగర్‌లో చిన్నాన్న చేలో ఏటా తగలబెట్టేది రెండు బస్తాలు తెమ్మన్నాను. కట్టె మీదైతే గానోడెర్మా అనే పుట్టగొడుగు బాగా పాకుతుంది, కానీ ముక్కలు సెంటీమీటరు లోపు కొట్టాలి. దానికి మిషన్ ఎక్కడ దొరుకుతుందో ఈ ఆదివారం వెతకాలి.