పదమూడు నుంచి పదిహేడు దాకా

మా అన్నయ్య కూతురు ఇంటర్ రెండో సంవత్సరం, బైపీసీ. దసరా సెలవులకి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు నా పుస్తకాల బీరువా తీసి చాలాసేపు వెతికింది. "అత్తా, నా వయసు అమ్మాయి కథ ఉన్న తెలుగు నవల ఒకటి చెప్పవా? ప్రేమకథ వద్దు. పెద్దయ్యాక పాత రోజులు గుర్తు చేసుకునేది కూడా వద్దు" అంది.

బీరువా నిండా నవలలే. అందులోంచి ఒకటి తీసి "ఇదిగో" అనలేకపోయాను. సెలవులు అయిపోయి తను వెళ్ళిపోయింది గానీ, ఆ ప్రశ్న నన్ను పట్టుకుంది. అప్పటినుంచి పాత పుస్తకాలు మళ్ళీ తిరగేస్తున్నాను.

ఎదిగే కథలు మనకి లేవని కాదు. తెలుగులో గొప్పవి అని చెప్పుకునే నవలల్లో చాలావాటికి కేంద్రం తనని తాను వెతుక్కునే ఒక కుర్రాడే. బుచ్చిబాబు 'చివరకు మిగిలేది' 1946-47లో సీరియల్‌గా వచ్చింది. తల్లి గురించి ఊరు చెప్పుకునే మాటలు దయానిధి ఎక్కడికి వెళ్తే అక్కడికి తనకన్నా ముందే చేరిపోతాయి. ఎవరిని ఇష్టపడినా, ఎవరింట్లో అడుగుపెట్టినా ఆ మాటల్ని దాటుకునే వెళ్ళాలి. 1969లో వచ్చిన నవీన్ 'అంపశయ్య' ఉస్మానియా హాస్టల్లో రవి అనే విద్యార్థి ఒక్క రోజు. పల్లెటూరి నుంచి వచ్చిన పేద కుర్రాడి బెరుకు, కోరిక, సిగ్గు అన్నీ ఆ ఒక్క రోజులో అతని తలలో తిరుగుతూ ఉంటాయి. రెండూ నాకు ప్రాణం. కానీ వీళ్ళిద్దరూ మనకి పరిచయమయ్యేసరికే మీసాలొచ్చినవాళ్ళు.

అటువైపు చూస్తే నామిని 'పచ్చనాకు సాక్షిగా', ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఉన్నాయి. అమ్మ, బడి, ఇంట్లో లేమి. ఆ పిల్లలు నాకు సొంత తమ్ముళ్ళలా అనిపిస్తారు. అయితే అవి నవలలు కావు, వాటిలోని మనసు చిన్నపిల్లాడిది. అక్కడ చిన్నపిల్లాడు కనిపిస్తాడు, ఇక్కడ యువకుడు కనిపిస్తాడు. మధ్యలో గొంతు మారి, అద్దంలో మొహం కొత్తగా కనబడి, అమ్మ మీద కారణం లేకుండా కోపం వచ్చే ఆ నాలుగైదేళ్ళ మీద మనవాళ్ళు ఎక్కువ నిలబడలేదు.

నిలబడినవాళ్ళలో నేను ముందు చెప్పేది కొడవటిగంటి కుటుంబరావు పేరు. ఆయన 'చదువు' నవల సుందరం అక్షరాభ్యాసంతో మొదలవుతుంది. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల నుంచి 1930ల ఆర్థిక మాంద్యం దాకా ఆ పిల్లాడు మన కళ్ళముందే పెరుగుతాడు. చదువులు పెరుగుతాయి, ఉద్యోగాలు మాత్రం ఉండవు. నాకు నచ్చేది ఆ ఓపిక. ఏ వయసునీ తొందరగా దాటించాలని చూడడు రచయిత. బడిలో నేర్చుకున్నది ఎంత, బడి బయట నేర్చుకున్నది ఎంత అని పక్కపక్కనే పెట్టుకుంటూ పోతాడు. గొప్ప మాటలు ఉండవు, కన్నీళ్ళు పెట్టించాలన్న ఆరాటం ఉండదు. 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఈయన చందమామకి పనిచేశారు. పిల్లల్ని చిన్నచూపు చూడని మనిషి కాబట్టే సుందరాన్ని ఇలా రాయగలిగారని నా నమ్మకం.

సుందరం కూడా అబ్బాయే. మా పిల్ల అడిగింది అమ్మాయి కథ.

ఆడపిల్లకి ఆ వయసు కథ ఎందుకు లేదని ఆలోచిస్తే, సమాధానం సాహిత్యంలో కన్నా మా ఇంట్లోనే దొరికింది. మా నాయనమ్మకి సమర్తాడక ముందే పెళ్ళైంది. అమ్మకి పదిహేనో ఏట. మా ఇంట్లో పదహారేళ్ళ వయసుని పెళ్ళి లేకుండా గడిపిన మొదటి ఆడపిల్లని నేను. కందుకూరి 'రాజశేఖర చరిత్రము' 1878లో వచ్చింది. మన నవల నడక నేర్చుకుంటున్న ఆ కాలంలో చాలా ఇళ్ళల్లో ఆడపిల్ల, కోడలు అనే రెండు దశలే ఉండేవి. మా ఉత్తరాంధ్ర మనిషే అయిన గురజాడ 'కన్యాశుల్కం'లో గొడవంతా సుబ్బి పెళ్ళి చుట్టూనే తిరుగుతుంది గానీ, సుబ్బి ఏమనుకుంటోందో మనకి తెలియదు. ఆడపిల్ల పెళ్ళికి 1929 శారదా చట్టం పెట్టిన కనీస వయసు పధ్నాలుగు. అది పద్దెనిమిది అయింది 1978లో. చట్టం వచ్చినంత మాత్రాన ఇళ్ళు మారిపోవు, నిజమే. అయినా పదమూడుకీ పద్దెనిమిదికీ మధ్య ఆడపిల్ల తనకోసం తాను బతికే కొన్నేళ్ళు ఉండొచ్చన్న ఆలోచనే మన ఇళ్ళకి కొత్తది. లేని వయసుకి నవల ఎక్కణ్ణుంచి వస్తుంది?

ఆ తర్వాత వచ్చిన ఆడవాళ్ళ నవలలు కూడా ఆ వయసు మీదుగా దూకేశాయి. నేను విశాఖపట్నం కంచరపాలెం రైల్వే క్వార్టర్స్‌లో పెరిగాను, నాన్న డీజిల్ షెడ్‌లో పనిచేసేవారు. ఊర్వశి జంక్షన్ దగ్గర అద్దె పుస్తకాల కొట్టు నుంచి తెచ్చుకుని చదివిన సీరియల్ నవలల్లో హీరోయిన్లకి ఉద్యోగం, చీరలు, ఆత్మాభిమానం అన్నీ ఉండేవి. పదో తరగతి మాత్రం ఉండేది కాదు. ఓల్గా 'స్వేచ్ఛ' 1987లో వచ్చింది. నాకు ఎంతో ధైర్యమిచ్చిన పుస్తకం. అందులో అరుణ కూడా యూనివర్సిటీ దాకా వచ్చేసిన అమ్మాయి.

నా వయసు పిల్ల నాకు మొదటిసారి కనబడింది కిర్గిజ్ పల్లెలో. విశాలాంధ్ర సంచార పుస్తకశాల వ్యాన్ మా వైపు వచ్చినప్పుడు నాన్న కొనుక్కొచ్చిన సోవియట్ పుస్తకాల్లో కిర్గిజ్ రచయిత ఐత్‌మాతోవ్ 'తొలి ఉపాధ్యాయుడు' ఉంది. అప్పటికి నేను పెద్దమనిషినై ఏడాది కాలేదు. వీధి అరుగు మీద కూర్చోకూడదు, అన్నయ్య స్నేహితులు వస్తే లోపలికి వెళ్ళిపోవాలి, బీచ్‌కి వెళ్తే నీళ్ళలో దిగకూడదు. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పేవారు కాదు. ఆ పుస్తకంలో అల్తినాయ్ తల్లీతండ్రీ లేని పిల్ల. 1924లో ద్యూషేన్ అనే యువకుడు ఊళ్ళో పాత గుర్రాలశాలని బాగుచేసి బడి పెడతాడు. అతనికే చదువు అంతంత మాత్రం. పిన్ని అల్తినాయ్‌ని ఒక పెద్దవయసు మనిషికి రెండో భార్యగా అమ్మేస్తుంది. ఆ పిల్లకి ఏం జరిగిందో రచయిత దాచడు. ద్యూషేన్ ఆమెని విడిపించి తెస్తూ దారిలో ఒక ఏటి దగ్గర ఆగి, స్నానం చెయ్యి, జరిగినదంతా కడిగేసుకో అంటాడు. తర్వాత చదువుకోడానికి తాష్కెంట్ పంపిస్తాడు.

పధ్నాలుగేళ్ళ వయసులో ఆ ఏటి దగ్గర పేజీ ఎన్నిసార్లు చదువుకున్నానో. అంత ఘోరం జరిగాక కూడా ఆ పిల్ల కథ ఆగలేదు. ఆమె చదువుకుంది, పెద్ద విద్వాంసురాలు అయింది, ఆ తర్వాత కూడా ఆమె మనసులో ముళ్ళు ఉన్నాయి. పరువు పోయిన ఆడపిల్ల చచ్చిపోవాలి అని సినిమాల్లో చూస్తూ పెరిగిన నాకు ఇది చాలా పెద్ద సంగతి. నాతో ఎవరూ మాట్లాడని విషయాలు ఒక పుస్తకం మాట్లాడింది.

దీని పక్కన 'పథేర్ పాంచాలి' పెట్టి చూడండి. 1929లో వచ్చిన బెంగాలీ రచయిత బిభూతిభూషణ్ నవల, మద్దిపట్ల సూరి తెలుగు చేశారు. అపు, దుర్గ. తోటల్లో తిరిగేది, కాయలు ఏరుకొచ్చేది, తమ్ముడికి లోకం చూపించేది అక్క దుర్గే. వానాకాలం జ్వరంతో ఆమె చనిపోతుంది. అపు మాత్రం పెరుగుతాడు, అతనికోసం రచయిత రెండో నవల కూడా రాశాడు. అందులో తల్లి చనిపోయిందని తెలిసినప్పుడు అపుకి మొదట కలిగేది దుఃఖం కాదు, ఏదో బంధం తెగినట్టు ఒక తేలికదనం. వెంటనే దానికి తనే భయపడిపోతాడు. పెరగడం గురించి ఇంత నిజం రాసిన చోటు నాకు ఇంకొకటి తెలియదు. అంత రాయగలిగిన చెయ్యి దుర్గని కూడా పదహారేళ్ళ దాకా తీసుకెళ్ళి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ బాధపడతాను.

సంక్రాంతి సెలవులకి వచ్చినప్పుడు మా పిల్లకి 'చదువు', 'తొలి ఉపాధ్యాయుడు' ఇచ్చాను. "నీట్ అయ్యాక ఎన్ని కావాలంటే అన్ని చదువుకోమను" అన్నాడు అన్నయ్య. తను రెండూ చదివేసింది. అల్తినాయ్ గురించి ఏమీ అనలేదు, పుస్తకం మాత్రం హాస్టల్‌కి పట్టుకుపోయింది. సుందరం గురించి ఒకటి అడిగింది. "బాగుంది అత్తా. మరి అతను చదువుకుంటున్నప్పుడు వాళ్ళ వీధిలో ఆడపిల్లలు ఏం చేస్తున్నారు?"

ఆ నవల ఎవరైనా రాయాలి. ఈ ఊళ్ళో కోర్టులు, పోలీసులు, సారా కొట్లు ఎలా నడుస్తాయో రావిశాస్త్రి రాసి పెట్టారు. స్కూలు బ్యాగు తగిలించుకున్న ఆడపిల్ల చూసే విశాఖ నాకింకా ఏ నవల్లోనూ కనబడలేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పదిహేనేళ్ళున్న పిల్లలు ఇప్పుడు రాయగల వయసులో ఉన్నారు. కరెంటు లేదు, ఫోన్లు లేవు, బిందెలు పట్టుకుని ట్యాంకర్ కోసం నిలబడ్డారు, రోజూ నడిచే రోడ్డు మీద ఒక్క చెట్టు లేకుండా పోవడం చూశారు. మా పిల్ల ఫోన్లో చెప్పే సంగతులు వింటుంటే అవీ రాయాలనిపిస్తుంది. తెల్లారకముందే స్టడీ అవర్. టెస్టులో మార్కులు తగ్గితే సెక్షన్ మార్చేస్తారు, నిన్నటిదాకా పక్కన కూర్చున్న స్నేహితురాలు ఇవాళ వేరే గదిలో. నెలసరి నొప్పితో క్లాసులో కూర్చోలేక వార్డెన్‌ని బతిమాలుకోవడం. ఆదివారం అమ్మకి ఫోన్ చేస్తే వెనక క్యూ ఉంటుంది, "బాగానే ఉన్నానమ్మా" అని పెట్టేయాలి. డాక్టర్ కావాలని నిజంగా తనకుందా, ఇంట్లో వాళ్ళకుందా అన్న టెన్షన్ ఎవరికీ చెప్పుకోలేదు.

రాసేవాళ్ళని నేను అడిగేది ఇంతే. ఆ పిల్లకి ఒక అమ్మమ్మని, ఒక అక్కని, ఒక స్నేహితురాలిని ఇవ్వండి. కోపం ఇవ్వండి. ఒంట్లో వచ్చే మార్పుల్ని సిగ్గు లేకుండా, దీర్ఘాలు తీయకుండా రాయండి. చివరి పేజీలో పెళ్ళి వద్దు, ర్యాంకు కూడా వద్దు. పద్దెనిమిదో పుట్టినరోజు నాటికి తనకేం కావాలో ఆమె ఇంకా తేల్చుకోకపోయినా పర్లేదు. తేల్చుకోలేదని వాళ్ళ నాన్నతో పైకి అనగలిగితే నాకు చాలు.