మినిట్స్‌లో ‘అన్నారు’

ఆదివారం, రాత్రి పదిన్నర. మీటింగ్ మినిట్స్ తిరగరాయడం ఇది మూడోసారి.

అన్నయ్య వాళ్ల గ్రూపులో నేను సహాయకురాలిని. రాయాలి, ప్రింట్లు తియ్యాలి, అడిగితేనే నోరు విప్పాలి. ఓటు లేదు. అధ్యక్షురాలు, కార్యదర్శి, కోశాధికారి, సభ్యులు అందరూ మేధో వైకల్యమో ఆటిజమో ఉన్నవాళ్లే. మాట వేగం పెరిగినా, అర్థం కాకపోయినా ఎర్ర కార్డు ఎత్తుతారు. అది లేస్తే ఎవరైనా ఆగాల్సిందే.

ఇవాళ నా మీదే లేచింది.

కార్యదర్శి పోయిన నెల మినిట్స్ చదువుతున్నారు. వాటి మీద నాకు కాస్త గర్వం కూడా ఉండేది. వాక్యానికి ఒకే సంగతి, పెద్ద అక్షరాలు, పక్కన బొమ్మ. వేలు పెట్టి చదువుతూ ఒకచోట ఆగారు. ‘అతిథి చెప్పారు. కోశాధికారి చెప్పాడు.’ కోశాధికారి ఎర్ర కార్డు ఎత్తారు. “ఆయన చెప్పారా? నేను చెప్పాడా?”

ఆ కోశాధికారికి 46 ఏళ్లు, తల సగం నెరిసింది. ఆ అతిథికి ముప్ఫై కూడా ఉండవు. పైగా “ఈ పిల్లలు ఎంత చక్కగా మాట్లాడుతున్నారో” అని ముచ్చటపడి వెళ్లాడు. (ఇక్కడ అతనికి ‘డు’ కావాలనే రాశాను.)

అలవాటులో పడిపోయిందని సర్దిచెప్పబోయాను. ఈలోగా బొమ్మల బోర్డుతో మాట్లాడే ఆమె చెయ్యి కదిపింది. కదిపారు. వేలు బోర్డు మీద నిలవడానికి టైము పడుతుంది, అందరం ఆగాం. ముందు ‘పాపాయి’ బొమ్మ. ఆ తర్వాత ‘కాదు’. అంతే.

ఇక చర్చ నా చేతుల్లో లేదు. అధ్యక్షురాలు తనకిష్టమైన కథ ఎత్తుకున్నారు. 1974లో అమెరికాలోని ఆరెగాన్‌లో ఇలాంటివాళ్లే ఒక సభ పెట్టుకోవాలనుకున్నారు. గ్రూపుకి పేరేమిటని మాట్లాడుకుంటుంటే, ఎప్పుడూ ‘మందబుద్ధి’ అన్న ముద్రతో పిలిపించుకుని విసిగిపోయాం, మేం ముందు మనుషులం అన్నారు. అదే పేరైంది, పీపుల్ ఫస్ట్. ఆ అక్టోబరులో సభకి 560 మంది వచ్చారు. ఆ సంఖ్య ఆవిడ ఎప్పుడు చెప్పినా ఒక్కో అంకె విడివిడిగా చెబుతారు: అయిదు, ఆరు, సున్నా.

ఒక కుర్రాడికి మాత్రం ‘అన్నారు’ నచ్చలేదు. “నన్ను అన్నాడనే రాయండి, ఫ్రెండ్స్‌లా ఉంటుంది” అన్నాడు. కార్యదర్శి ఆలోచించి, “సరే, అయితే అతిథిని కూడా అన్నాడనే రాద్దామా?” అన్నారు. గది గదంతా నవ్వింది. నేను అరగంట వాదించినా ఇంత సూటిగా చెప్పలేను. ఓటింగులో ఏడుగురు అందరికీ ‘రు’ అన్నారు, నలుగురు అందరికీ ‘డు’ అన్నారు. తేడా ఉంచుదామన్నవాళ్లు ఒక్కరూ లేరు.

2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో 12వ అధికరణం ఉంది: చట్టం ముందు అందరితో సమానమైన వ్యక్తులే, నిర్ణయం తీసుకోవడంలో సాయం కావాలంటే అదీ అందాలని. గోడ మీద అంటించింది నేనే. దాని కిందే కూర్చుని ‘చెప్పాడు’ అని రాసిందీ నేనే.

ఇంట్లో మాత్రం తక్కువా? నాకంటే అయిదేళ్లు పెద్దవాణ్ణి మాటలు వచ్చినప్పటి నుంచీ పేరు పెట్టే పిలిచాను. స్నానం చేశావా, చొక్కా మార్చుకో. ఎవరూ తప్పని చెప్పలేదు. అన్నయ్యా అనడం మొదలుపెట్టింది ఈ గ్రూపు పెట్టాకే, అదీ నలుగురిలో బాగుండదని.

మినిట్స్ పూర్తయ్యాక అన్నయ్యకి చూపించాను. వేలు పెట్టుకుంటూ నింపాదిగా చదివాడు. పావుగంట పట్టింది.

“ఒకటి వదిలేశావ్” అన్నాడు.

రెండో పేజీ, మూడో లైను. అన్నయ్య గురించి రాసిందే.