అడ్డసరం చంపిందా, సీసా చంపిందా?

నిన్న సాయంత్రం థీసిస్ బైండింగ్ చేతికొచ్చింది. కోపం చల్లారితే ఇది రాయను, అందుకే ఇప్పుడే రాస్తున్నా.

ఎం.ఫార్మసీలో నా ప్రాజెక్టు అడ్డసరం ఆకు మీద. దగ్గొస్తే అమ్మమ్మ దాని రసంలో తేనె కలిపి పట్టేది. దగ్గు మందుల్లో వాడే బ్రోమ్‌హెక్సిన్‌కి మూలం కూడా ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థమే. మరి టీబీ క్రిమి మీద పనిచేస్తుందా అన్నది చూడాలి. అసలు క్రిమిని పెంచాలంటే బీఎస్‌ఎల్-3 ల్యాబ్ (ప్రమాదకరమైన క్రిములు బయటికి పోకుండా కట్టుదిట్టం చేసినది) కావాలి, అది మా కాలేజీలో ఎక్కడిది! దాని చుట్టం స్మెగ్మాటిస్‌తో సరిపెట్టుకున్నాం. ఇది మూడు రోజుల్లో పెరుగుతుంది, అసలుదానికి వారాలు పడుతుంది.

ఆకు నీడలో ఆరబెట్టి, పొడి కొట్టి, మిథనాల్‌తో సారం తీయడం ఎవరైనా చేస్తారు. ఇండెంట్ (కావాల్సిన సామాన్ల కోసం పెట్టే అర్జీ) మాత్రం మొదటి రోజే పెట్టేయండి. ఒక్క డీఎంఎస్‌ఓ (సారాన్ని కరిగించే ద్రావకం) సీసా కోసం నన్ను మూడు వారాలు తిప్పారు. సంతకం పెట్టాల్సినాయన ఎప్పుడెళ్లినా టీకి వెళ్లాడనే చెప్పేవారు.

ఆ సీసాయే నా కొంప ముంచింది. మిథనాల్ ఆవిరైపోయాక మిగిలిన జిగురు నీళ్లలో కరగదు, డీఎంఎస్‌ఓలో కరిగించాలి. 96 గుంటల ప్లేట్‌లో క్రిమీ సారమూ వేసి, చివర్లో రెసజురిన్ అనే నీలం రంగు కలుపుతాం. క్రిమి బతికుంటే ఆ నీలం గులాబీ రంగుకి మారుతుంది. నా ప్లేట్‌లో సారం ఎక్కువున్న పై వరసంతా నీలమే! ఫొటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టేశాను. పెద్దమ్మ వెంటనే ఫోన్ చేసింది. "ఏమే, అయితే మీ పెదనాన్న మాత్రలు ఆపేసి ఈ రసం పట్టనా?" ఆయన టీబీ మందులు మొదలుపెట్టి అది నాలుగో నెల. "ఆరు నెలలూ వేయాల్సిందే పెద్దమ్మా" అన్నాను గానీ, లోపల మాత్రం గాల్లో తేలుతున్నా.

సెమినార్లో బయటి నుంచి వచ్చిన సారు స్లైడ్ చూసి అడిగారు. "డీఎంఎస్‌ఓ ఒక్కటే పోసిన గుంటలేవమ్మా?"

లేవు.

"పై వరసలో డీఎంఎస్‌ఓ ఎంత శాతం?"

బోర్డు మీద లెక్క వేయించారు. పది వచ్చింది.

"మరి చంపింది ఆకా, సీసానా?"

వెనక బెంచీలో జూనియర్లు నవ్వారు. ప్రోటోకాల్ మీద సంతకం పెట్టిన మా గైడ్ మేడమ్ కిటికీలోంచి చెట్లు చూస్తున్నారు. ఆరోజు హాస్టల్లో అన్నం తినలేదు.

మర్నాడు ఉత్త డీఎంఎస్‌ఓ పోసి చూశాను. అదీ నీలమే. సారం చిక్కగా చేసుకుని, డీఎంఎస్‌ఓని ఒక శాతానికి దించి మళ్లీ పెట్టాను. అన్నీ గులాబీ, ఒక్క పై వరస తప్ప. అది కూడా ఆకుపచ్చ సారంతో కలిసి ఏ రంగో తేలక, పక్కన క్రిమి లేకుండా సారం ఒక్కటే పోసిన గుంటలు పెట్టి పోల్చాల్సి వచ్చింది. ఇది ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టుకున్నా.

అప్పుడు మిరియాల సంగతి చదివాను. జమ్మూలోని సీఎస్‌ఐఆర్ ల్యాబ్, కాడిలా మందుల కంపెనీ కలిసి తెచ్చిన టీబీ మాత్ర రిసోరిన్‌లో రిఫాంపిసిన్ అనే టీబీ మందు 450 మిల్లీగ్రాముల బదులు 200 ఉంటుంది. తోడుగా మిరియాల్లోని పిపరిన్ 10 మిల్లీగ్రాములు. పిపరిన్ పని క్రిమిని చంపడం కాదు, మందు ఒంటికి పట్టేలా చూడటం. అడ్డసరానికీ అలాంటి తోడు పని ఉందేమో చూడాలని చివరి అధ్యాయంలో రాశాను. పెద్దమ్మ మిరియాల చారు మొదలుపెట్టిందట. చారు తాగనీ, మాత్రలు మాత్రం ఆపొద్దని పెదనాన్నకే ఫోన్ చేసి చెప్పాను.

ఆ పాడు ప్లేట్ ఫొటో కూడా థీసిస్‌లో వేశాను. మేడమ్ వద్దన్నారు. అయినా వేశాను, కింద "డీఎంఎస్‌ఓ 10 శాతం" అని బోల్డ్‌లో.