జబ్బు ముదిరిందనుకున్నారు

నాకు వినిపించే గొంతులు తగ్గడానికి హాలోపెరిడాల్ అనే మందు మొదలుపెట్టిన తొమ్మిదో రోజు పొద్దున గ్లాసు అందుకోబోతే చెయ్యి లేవలేదు. అక్క నా మోచెయ్యి వంచబోతే ఇనప గొట్టాన్ని వంచుతున్నట్టే ఉందట. ఉమ్మి మింగలేకపోతున్నాను. ఒళ్లంతా చెమట. సాయంత్రానికి జ్వరం 103 దాటింది.

మాటా పలుకూ లేకుండా బిగుసుకుపోయిన మనిషిని చూసి మానసిక జబ్బే ముదిరిందనుకున్నారు ఇంట్లో. ఫోన్లో డాక్టరు కూడా డోసు పెంచమన్నారు. అక్క ఒప్పుకోలేదు. ‘‘ఉమ్మే మింగలేనివాడికి మాత్ర ఎలా వెయ్యను?’’ అని ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. నేను బతికింది ఆ ఒక్క ప్రశ్న వల్లే.

అక్కడ డాక్టరమ్మ నా చెయ్యి వంచి చూసి, మొదట అడిగింది వాడుతున్న మందుల గురించే. కండరాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే సీపీకే అనే ఎంజైమ్ సుమారు 200 లోపు ఉండాలి, నాకు 14,000 ఉంది. మూత్రం ముదురు గోధుమ రంగులోకి మారింది. న్యూరోలెప్టిక్ మాలిగ్నెంట్ సిండ్రోమ్ అన్నారు. మాలిగ్నెంట్ అన్న మాట వినగానే క్యాన్సరనుకుని అక్క కూలబడిపోయింది.

క్యాన్సర్ కాదు, మందు వల్ల వచ్చిన రియాక్షన్. మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని హాలోపెరిడాల్ అడ్డుకుంటుంది, నాకు వినిపించే గొంతులు తగ్గేది అందుకే. కానీ కండరాల బిగువునీ ఒంటి వేడినీ అదుపులో ఉంచడంలోనూ డోపమైన్‌కి పాత్ర ఉంది. చాలా అరుదుగా, ఎక్కువగా మొదటి రెండు వారాల్లో, ఆ అదుపు తప్పిపోతుంది. బిగుసుకున్న కండరాలు చితికి, వాటిలోంచి రక్తంలోకి వచ్చే పదార్థం కిడ్నీలను దెబ్బతీస్తుంది. అంతకుముందు నాలుగు రోజులు నేను నీళ్లు కూడా సరిగా తాగలేదు. అదీ ప్రమాదాన్ని పెంచేదేనట.

మందు ఆపేశారు. రాత్రీపగలూ సెలైన్, ఒంటికి చల్లటి గుడ్డలు, బిగువు తగ్గించే లోరాజెపామ్, డోపమైన్‌లా పనిచేసే బ్రోమోక్రిప్టిన్. ఐసీయూలో ఆరు రోజులు. బిగుతు పూర్తిగా వదలడానికి పది.

నాకు అంతకన్నా కష్టం తర్వాతే. మళ్లీ అలాంటి మందు మొదలుపెట్టాలంటే కనీసం రెండు వారాలు ఆగాలి. ఆ రెండు వారాల్లో గొంతులు తిరిగొచ్చాయి. ఇక ఆ మందుల జోలికే వెళ్లొద్దన్నారు చుట్టాలు. వాళ్ల భయం నాకు అర్థమైంది, కానీ ఆ గొంతులతో బతకాల్సింది నేను. గొంతులకే వాడే మరో మందు, క్వెటియాపిన్, అతి తక్కువ డోసుతో మొదలుపెట్టాం. రోజూ జ్వరం చూసుకుంటూ, మొదట్లో తరచూ సీపీకే చేయించుకుంటూ.

ఇప్పుడు జేబులో ఒక కార్డు ఉంటుంది, నాకు పడని మందు పేరూ వచ్చిన రియాక్షనూ రాసి. అక్క మాత్రం కార్డును నమ్ముకోదు. రోజూ పొద్దున నా మోచెయ్యి పట్టుకుని ఒకసారి వంచి చూస్తుంది.