ఆంట్వెర్ప్‌లో ఒక పుస్తకాల కొట్టు

బ్రస్సెల్స్‌లో ఉంటున్న మా తమ్ముడు బెల్జియంలోనే ఉన్న ఆంట్వెర్ప్ అనగానే వజ్రాల వీధికి తీసుకెళ్లాడు. కొనేది లేనప్పుడు వజ్రాల్ని ఎంతసేపు చూస్తాం! అక్కణ్నుంచి పాత ఊళ్లోకి నడిచి, ‘శుక్రవారపు సంత’ అని పేరున్న చిన్న కూడలికి చేరాం. పాతకాలపు అచ్చుపనిని చూపించే ప్లాంటిన్-మొరేటస్ మ్యూజియం అక్కడే ఉంది. ఫ్రాన్స్ నుంచి వచ్చి స్థిరపడ్డ క్రిస్టఫ్ ప్లాంటిన్ 1576లో తన అచ్చాఫీసును ఈ చోటికి మార్చాడు. 1876లో నగరపాలక సంస్థకు అమ్మేదాకా ఇల్లు అతని చేతిలో, తర్వాత అతని అల్లుడు మొరేటస్ కుటుంబం చేతిలోనే ఉంది. 2005లో యునెస్కో జాబితాకెక్కింది.

జనమంతా ప్రెస్సుల గదిలోనే మూగుతారు. 1600 ప్రాంతానివి, ప్రపంచంలో మిగిలిన అతి పాత అచ్చుయంత్రాలు రెండు అక్కడున్నాయి మరి. ఫోటోలు నేనూ తీశాను. కాని నా కాళ్లు ఆగింది మాత్రం వీధివైపున్న కొట్టుగదిలో. చెక్క బల్ల, గోడవారగా అరలు, నాణేలు తూచే చిన్న త్రాసు. రేవుపట్నం కదా, రకరకాల దేశాల డబ్బు వచ్చేది. అంచులు గీకేసిన నాణేన్ని తూచకుండా తీసుకుంటే కొట్టు మునిగినట్టే.

“మరి పుస్తకాలకు అట్టలేవి అన్నయ్యా?” అన్నాడు తమ్ముడు. అప్పట్లో పుస్తకాన్ని చాలావరకు విడి కాగితాలుగానే అమ్మేవాళ్లు. కొన్నవాడు తన స్తోమతను బట్టి, తోలుతోనో మరోదానితోనో బైండు చేయించుకునేవాడు. ప్లాంటిన్ కూడా మొదట బైండింగు పనివాడే. ఒక రాత్రి తాగినవాళ్లెవరో వేరే మనిషనుకుని కత్తితో పొడిచారు; ఆ గాయంతో ఆ పని చేయలేక 1555లో అచ్చుపనిలోకి దిగాడంటారు.

అట్ట లేని పుస్తకానికి మొదటి పేజీయే ముఖం. పేరు, లోపలి విషయం, కింద ఊరు, ముద్రాపకుడు, సంవత్సరం అన్నీ అక్కడే. ఆ పేజీనే విడిగా అదనంగా వేసి స్తంభాలకు, గోడలకు అంటించడం అప్పటి లండన్‌లో మామూలు. నా పుస్తకాన్ని అలా స్తంభాలకెక్కించవద్దని బెన్ జాన్సన్ అనే కవి తన పుస్తక విక్రేతను ఉద్దేశించి పద్యమే రాశాడు. ఆ విక్రేత మాట విన్నాడో లేదో గాని, నా సానుభూతి మాత్రం అతనికే.

ఇళ్లకు నంబర్లు లేని రోజులు కనుక చిరునామా అంటే గుర్తుబొమ్మ. ప్లాంటిన్‌ది బంగారు వృత్తలేఖిని. ఒక కాలు కదలకుండా నిలబడితే రెండోది తిరుగుతుంది. చుట్టూ ‘శ్రమతో, స్థైర్యంతో’ అనే అర్థం వచ్చే లాటిన్ మాటలు. కొట్టు గుర్తూ అదే, పుస్తకం మీది ముద్రా అదే. పారిస్‌లో కొన్నవాడికి కూడా సరుకు ఎవరిదో తెలిసిపోయేది.

ఆ గదిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది గోడకు వేలాడే ఒక జాబితా. నిషిద్ధ గ్రంథాల పట్టిక అది. 1569లో అచ్చువేసింది ప్లాంటినే! ఏడేళ్ల ముందు, 1562లో, అతను పారిస్‌లో ఉండగా పనివాళ్లు కేథలిక్ మతానికి విరుద్ధమైన కరపత్రం వేశారని అతని సొత్తంతా వేలమేశారు. అలా దెబ్బతిన్నవాడు, అప్పుడు ఊరిని ఏలుతున్న అదే స్పెయిన్ ప్రభుత్వానికి నిషేధాల చిట్టా అచ్చువేసి ఇచ్చాడు. లొంగిపోయాడని అనొచ్చు, వ్యాపారం తెలిసినవాడనీ అనొచ్చు. నాకైతే రెండూ నిజమే అనిపించింది.

అసలు బేరాలు మాత్రం ఈ గదిలో కాదు, ఫ్రాంక్‌ఫర్ట్ సంతలో. ఏడాదికి రెండుసార్లు, వసంతంలో ఒకటి, శరత్తులో ఒకటి. అచ్చు కాగితాలు పీపాల్లో కుక్కి పంపేవాళ్లు. తీసుకున్న సరుకుకు లెక్క మరుసటి సంతలో తీర్చుకోవడం రివాజు. ఏ పుస్తకాలు వచ్చాయో చెప్పే అచ్చు జాబితాను 1564లో ఆగ్స్‌బర్గ్ వర్తకుడు గియోర్గ్ విల్లర్ మొదలుపెట్టాడు. 1598 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ నగర సభే ఆ పని చేపట్టింది. ప్లాంటిన్ ఇంకో అడుగు ముందుకేశాడు. అయిదు భాషల బైబిల్ వేయాలనుకుని, ముందుగా నమూనా పేజీలు అచ్చువేసి 1566లో ఈ సంతలో చూపించాడు. స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ అండ దొరికాక 1568లో పని మొదలైంది. ఎనిమిది సంపుటాలు, దాదాపు 1200 ప్రతులు. పని మొదలుకాక ముందే ప్రచారమన్నమాట!

ఈ విద్య ప్లాంటిన్ కనిపెట్టింది కాదు. జర్మనీలోని మెయిన్జ్‌లో, యూరప్‌లో అచ్చుపనికి ఆద్యుడైన గూటెన్‌బర్గ్ దగ్గర పనిచేసిన పీటర్ షోఫర్ 1470 ప్రాంతంలోనే ఒంటికాగితం ప్రకటన వేశాడు. పుస్తకాల పేర్లు, అడుగున పెద్ద అక్షరాల్లో ‘ఇదే కీర్తనల గ్రంథపు అక్షరం’ అని నమూనా. దాని కింద చేత్తో రాసి ఉంటుంది, పుస్తకాలమ్మేవాడు ఫలానా సత్రంలో దొరుకుతాడని. ఊరు మారితే సత్రం పేరు మార్చుకోవచ్చు. 1498లో వెనిస్‌లో ఆల్డస్ మనూషియస్ అనే ముద్రాపకుడు తన గ్రీకు పుస్తకాల జాబితాకు ధరలు కూడా చేర్చాడు. 1620ల్లో ఆంస్టర్‌డాం వార్తాపత్రికల్లో ప్రకటనలు మొదలైనప్పుడు వాటిలోనూ పుస్తకాలే ముందు వరసలో ఉన్నాయి. మన పాత తెలుగు పుస్తకాల వెనక అట్ట మీద ‘మా ఇతర ప్రచురణలు’ చదువుతూ పెరిగినవాణ్ని, ఈ వరసంతా నాకు చుట్టరికంలా తోచింది.

పాత ప్రెస్సు మీద ఇప్పటికీ ఒక ఫ్రెంచి పద్యం అచ్చువేసి మ్యూజియంలో అమ్ముతున్నారు. ప్లాంటిన్ రాసిందేనని ప్రతీతి. నాకు ఫ్రెంచి రాదు, అయినా కొన్నాను. “చదవలేనిది ఎందుకు కొన్నావన్నయ్యా?” అని తమ్ముడు అడిగాడు. వాళ్లు అమ్మారు, నేను కొన్నాను అన్నాను.