లంకలో అడగడానికి ఎవరూ లేరు

సుందరకాండ పారాయణ చాలామంది ఏదో ఒక చిక్కులో ఉన్నప్పుడే మొదలుపెడతారు. సంబంధం కుదరడం లేదనో, కోర్టు కేసు తెమలడం లేదనో, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదనో. పెద్దవాళ్లు చెప్పేదీ అదే: "ఏమీ తోచనప్పుడు సుందరకాండ చదువుకోమ్మా, దారి దొరుకుతుంది." 2020లో కరోనా భయం కమ్ముకున్న రోజుల్లో తిరుమల నాదనీరాజనం వేదిక మీద సుందరకాండ పారాయణం జరుగుతుంటే, టీటీడీ వారి ఎస్వీబీసీ ఛానల్‌లో చూస్తూ ఇళ్లలో గొంతు కలిపినవాళ్లు ఎందరో ఉన్నారు.

ఏమీ తోచనివాడి కథ అందులోనే ఉందన్న సంగతి మాత్రం మనం అంతగా పట్టించుకోం. సముద్రం దాటిన హనుమ గుర్తుంటాడు, లంకను కాల్చిన హనుమ గుర్తుంటాడు. ఆ రెండింటి మధ్య రాత్రివేళ ఊరంతా గాలించి, సీత కనపడక, తన మీద తనకే నమ్మకం పోయి కూలబడిన హనుమ ఒకడున్నాడు. వాల్మీకి ఆయన కోసం 12, 13 సర్గలు (అధ్యాయాలు) పూర్తిగా కేటాయించాడు. పారాయణలో ఆ సర్గలు గబగబా దాటిపోతుంటాయి. ఈ కాండలోని 68 సర్గల్లో అక్కడే ఎక్కువసేపు ఆగాలని నాకనిపిస్తుంది.

అక్కడికి వచ్చేముందు 10వ సర్గలో ఒక తమాషా జరుగుతుంది. రావణుడి అంతఃపురంలో విడిగా ఒక పాన్పు మీద నిద్రపోతున్న మండోదరిని చూసి హనుమ సీతే అనుకున్నాడు. ఇక సంతోషం పట్టలేకపోయాడు. భుజాలు చరుచుకున్నాడు, తోకను ముద్దుపెట్టుకున్నాడు, స్తంభాలెక్కి కిందికి దూకాడు, పాట కూడా పాడాడు. అంతా పొరపాటే. కాసేపటికి ఆయనే నిలదొక్కుకుని ఆలోచించాడు: రాముడికి దూరమైన సీత ఇలా నగలు పెట్టుకుని, కడుపునిండా తిని, హాయిగా పడుకుంటుందా? ఈమె వేరెవరో. అంతే, మళ్లీ వెతకడం మొదలుపెట్టాడు. ఇంత పెద్ద పనిలో తొలి అంచనానే తప్పింది. మనమైతే "నాకు మనుషుల్ని పోల్చుకోవడమే రాదు, నన్ను పంపడమే పొరపాటు" అని రాత్రంతా కుమిలిపోయేవాళ్లం. హనుమ మాత్రం ఆ అంచనా ఒక్కటీ వదిలేశాడు. అంచనా వేసే బుద్ధిని వదులుకోలేదు.

అసలు దిగులు ఆ తర్వాత వచ్చింది. మద్యశాలలు, పూల ఇళ్లు, చిత్రశాలలు, ఆటల మందిరాలు అన్నీ చూశాడు. రావణుడి అంతఃపురంలో హనుమ వెళ్లని చోటు నాలుగు వేళ్ల వెడల్పు కూడా లేదంటాడు వాల్మీకి. సీత లంకలోనే ఉందని జటాయువు అన్న సంపాతి చెప్పాడు కదా, మరి కనపడదేం? ఇక్కడి నుంచి 13వ సర్గలో హనుమ ఆలోచన సాగిన తీరు చూస్తే, ఇప్పుడు మనం ఓవర్ థింకింగ్ అంటామే, అచ్చం అదే.

ఎత్తుకొస్తుంటే సముద్రంలో పడిపోయిందేమో. రాక్షసులు తినేశారేమో. ఈ మాట వెళ్లి రాముడికి చెబితే ఆయన బతకడు. చెప్పకపోతే అది మోసం. రాముడు పోతే లక్ష్మణుడు ఉండడు. ఆ కబురు విని భరతుడు, భరతుణ్ణి చూసి శత్రుఘ్నుడు, కొడుకులు పోయాక తల్లులు. ఇటు మాట నిలుపుకోలేకపోయానని సుగ్రీవుడు, ఆయన వెనకే రుమ, తార, అంగదుడు. ఆ తర్వాత వానరులంతా విషం తాగో, ఉరిపోసుకునో, నిప్పుల్లో దూకో పోతారు. ఒక్కడు ఒక్క రాత్రి ఒకరిని కనిపెట్టలేకపోతే, ఇక్ష్వాకు వంశమూ వానరజాతీ రెండూ తుడిచిపెట్టుకుపోయాయి, హనుమ తలలో. "నేను తిరిగి వెళ్లను, వానప్రస్థుడినై ఇక్కడే ఏ చెట్టు కిందో ఉండిపోతాను" అనుకున్నాడు. చితి పేర్చుకుందామనీ, నీళ్లలో మునిగిపోదామనీ కూడా అనుకున్నాడు.

బుద్ధిమంతుల్లో శ్రేష్ఠుడని మనం రోజూ కొలిచే దేవుడి మనసు ఇలా జారిపోవడాన్ని వాల్మీకి దాచలేదు. నాకైతే ఇది ధైర్యంగా ఉంటుంది. సందేహం రావడం భక్తి తక్కువై కాదన్నమాట.

అక్కడ తనను తాను పట్టుకున్న మాట చాలామందికి నోటికొచ్చినదే: "వినాశే బహవో దోషాః, జీవన్ భద్రాణి పశ్యతి." చావులో దోషాలే ఎక్కువ, బతికుంటే మేలు కనపడుతుంది. బతికుంటే బలుసాకు తినవచ్చు అని మన పెద్దలు అనేది కూడా ఇదేగా. దీనికి ముందు 12వ సర్గలో "అనిర్వేదః శ్రియో మూలం, అనిర్వేదః పరం సుఖమ్" అనీ అనుకున్నాడు. దిగులు పడకపోవడమే సంపదకు మూలం, అదే గొప్ప సుఖం అని. ఈ శ్లోకాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకునేవాళ్లున్నారు. అయితే ఈ మాట అనుకున్న తర్వాతే, పైన చెప్పిన దిగులంతా ముంచుకొచ్చింది హనుమకు. మంచిమాట ఒక్కసారి అనుకుంటే సరిపోలేదు ఆయనకు కూడా.

బతకాలనుకున్నాక కూడా మనసు వెంటనే కుదురుకోలేదు. ఈసారి అటు కొసకు వెళ్లింది. రావణుణ్ణే చంపేస్తాను, లేదా పశుపతికి పశువును అర్పించినట్టు సముద్రం మీదుగా ఎత్తుకెళ్లి రాముడి ముందు పడేస్తాను అనుకున్నాడు. చివరికి చాలా మామూలు మాట దగ్గరికి వచ్చాడు: సీత కనపడేదాకా ఈ ఊరిని మళ్లీ మళ్లీ వెతుకుతాను. అప్పుడు కళ్లెత్తి చూస్తే పెద్ద పెద్ద చెట్లతో అశోకవనం కనపడింది. "ఇది నేను వెతకలేదు, ఇక్కడికి వెళ్తాను" అన్నాడు.

నన్ను ఎప్పుడూ ఆపేది దీని తర్వాత వచ్చే శ్లోకమే.

నమోస్తు రామాయ సలక్ష్మణాయ
దేవ్యై చ తస్యై జనకాత్మజాయై
నమోస్తు రుద్రేంద్రయమానిలేభ్యో
నమోస్తు చంద్రార్కమరుద్గణేభ్యః

లక్ష్మణుడితో కూడిన రాముడికి, ఆ జనకుని కూతురికి, రుద్రుడికి, ఇంద్రుడికి, యముడికి, వాయువుకి, చంద్రుడికి, సూర్యుడికి, మరుద్గణాలకు నమస్కారం. ఎంతో మహిమ ఉందని దీన్ని ప్రత్యేకంగా జపం చేసేవాళ్లున్నారు. ఇది ఎక్కడ వస్తుందో చూడండి. ఎటు వెళ్లాలో తోచనప్పుడు రాలేదు. ఎటు వెళ్లాలో తేల్చుకున్న తర్వాత వచ్చింది. దేవతలను కూడా "అశోకవనానికి వెళ్లమంటారా?" అని అడగలేదు. కార్యసిద్ధిని ప్రసాదించండి అని అడిగాడు.

మన ఇళ్లలో జరిగేది తరచుగా దీనికి తలకిందులు. కొడుకు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) కౌన్సెలింగ్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టాలంటే ఏ కాలేజీ ముందు పెట్టాలో తేలదు. బాబాయిని అడుగుతారు, పక్కింటివాళ్లను అడుగుతారు, యూట్యూబ్‌లో నాలుగు వీడియోలు చూస్తారు. చివరిరోజు సాయంత్రం దేవుడి ముందు రెండు చీటీలు మడిచిపెట్టి చిన్నపిల్లతో ఒకటి తీయిస్తారు. వచ్చిన చీటీ నచ్చకపోతే "మూడుసార్లు చూద్దాం" అంటారు. ఎర్ర పువ్వు, తెల్ల పువ్వు పొట్లాలు కట్టి అడిగేవాళ్లూ ఉన్నారు, బల్లి పలికిందని ఆగిపోయేవాళ్లూ ఉన్నారు. ఇందులో భక్తి లేదని నేననను. కానీ రెండో చీటీ తీసే చేతికి తనకేం కావాలో ముందే తెలుసు. ఆ తెలిసినదాన్ని పైకి అనే ధైర్యం లేక, దాని భారం దేవుడి మీద వేస్తున్నాం. రేపు కాలేజీ బాగోకపోతే మాట పడేదీ ఆయనే.

మన పూజ నడిచే పద్ధతి కూడా హనుమ పద్ధతే. ఆచమనం, ప్రాణాయామం అయ్యాక సంకల్పం చెప్పుకుంటాం. ఫలానా సంవత్సరం, మాసం, తిథి, ఫలానా గోత్రం, ఫలానా పేరు గల నేను ఈ పూజ చేస్తున్నాను అని. చేసేదెవరో, చేసేదేమిటో ముందు నోటితో చెప్పాకే తక్కినదంతా. ఏం చేయమంటావు అని దేవుణ్ణి అడిగే మాట సంకల్పంలో ఎక్కడా లేదు.

జాంబవంతుడి సంగతి మరి, అని మీరనొచ్చు. నిజమే, కిష్కింధకాండ చివర్లో, ఓ పక్కన మౌనంగా కూర్చున్న హనుమకు ఆయన బలాన్ని గుర్తుచేసింది జాంబవంతుడే. ప్రతివాళ్లకూ ఒక జాంబవంతుడు ఉండాలని ప్రవచనాల్లో తరచూ వింటాం. ఉంటే అదృష్టమే. కానీ జాంబవంతుడు ఆ ఒడ్డునే ఉండిపోయాడు. నువ్వు దూకగలవు అని చెప్పగలిగాడు గానీ, దూకాక ఏ గుమ్మం తట్టాలో చెప్పలేదు. రాముడు ఉంగరమూ ఆనవాళ్లూ ఇచ్చాడు. ఎక్కడ వెతకాలో, ఎలా పలకరించాలో చెప్పలేదు. లంకలో అడగడానికి ఎవరూ లేరు.

ఆ వనంలో శింశుపావృక్షం కింద మాసిన బట్టతో, చిక్కిపోయి ఉన్న ఆవిడను చూశాక హనుమ మళ్లీ గంతులేయలేదు. ఇందాక మండోదరి దగ్గర జరిగిందిగా! 15వ సర్గలో ఒక్కొక్కటే సరిచూసుకున్నాడు. రాముడు వర్ణించి చెప్పిన నగల్లో రావణుడు ఎత్తుకొస్తుంటే ఋష్యమూక పర్వతం మీద పడిపోయినవి ఈమె దగ్గర లేవు. పడిపోనివి మాత్రం ఉన్నాయి, "తానీమాని న సంశయః", ఇవి అవే, సందేహం లేదు. వానరులకు దొరికిన ఉత్తరీయపు పసుపువన్నె, మాసిపోయినా ఈమె కట్టుకున్న బట్టలో తెలుస్తూనే ఉంది. హనుమకు నమ్మకం ఇలా వచ్చింది. ఎవరో భుజం తట్టడం వల్ల కాదు, నగ పక్కన నగ పెట్టి చూసుకోవడం వల్ల.

ఎలా మాట్లాడాలన్నది ఇంకో చిక్కు. 30వ సర్గ మొత్తం అదే. పండితుడిలా సంస్కృతంలో మాట్లాడితే రావణుడే అనుకుని భయపడుతుంది. ఆమె అరిస్తే రాక్షస స్త్రీలు లేస్తారు, యుద్ధమవుతుంది, గెలిచినా అలసిపోయి సముద్రం దాటలేకపోవచ్చు. మాట్లాడకుండా వెళ్లిపోతే ఆమె ప్రాణం తీసుకుంటుంది. అన్నీ తూచి, మనుషులు మాట్లాడుకునే మాటల్లో, చెట్టు మీదనుంచే మెల్లగా రామకథ చెప్పాలని నిర్ణయించుకున్నాడు. ఇంత ఆలోచించి చేసినా, దగ్గరికి వస్తున్నకొద్దీ సీత ఆయన్ని రావణుడనే శంకించింది. "చూశావా, తప్పు చేశాను" అని వెనక్కి వెళ్లలేదు హనుమ. రాముడి రూపురేఖలు, గుర్తులు వివరంగా చెప్పాడు, ఆ తర్వాతే ఉంగరం ఇచ్చాడు. సరైన నిర్ణయానికి కూడా ఫలితం రావడానికి కాసేపు పట్టింది.

మరో మాట కూడా చెప్పుకోవాలి. నా వీపు మీద కూర్చో తల్లీ, ఇప్పుడే రాముడి దగ్గరికి తీసుకెళ్తాను అని హనుమ అన్నాడు. సీత వద్దంది. సముద్రం మీద జారి పడొచ్చు, రాక్షసులు వెంటపడితే నువ్వు నన్ను చూసుకుంటావా, వాళ్లతో పోరాడతావా, పైగా రాముడే వచ్చి రావణుణ్ణి గెలిచి తీసుకెళ్లడమే ఆయనకు తగినది అంది. హనుమ చిన్నబుచ్చుకోలేదు, వాదించలేదు. నువ్వన్నది తగిన మాటే అన్నాడు. సొంత నిర్ణయం మీద నమ్మకమంటే పట్టుదల అనుకునేవాళ్లు ఈ 37, 38 సర్గలు చదవాలి.

ఇక చివరిది, లంకాదహనం అయ్యాక. తోక నిప్పు సముద్రంలో ఆర్పుకున్నాక చటుక్కున గుర్తొచ్చింది: ఊరంతా కాలితే సీతమ్మ సంగతేంటి? 55వ సర్గలో హనుమ తనను తాను తిట్టుకున్నంతగా ఇంకెవరూ ఆయన్ని తిట్టలేదు. కోపంలో ఒళ్లు తెలియకుండా చేశాను, కోతి బుద్ధి నిలకడలేనిదని మూడు లోకాలకూ తెలిసిందే, దాన్ని నేనే చూపించాను, నీళ్లతో నిప్పును ఆర్పినట్టు కోపాన్ని బుద్ధితో ఆర్పుకోగలిగినవాళ్లే ధన్యులు అని. ఈసారి సందేహం ఊరికే పుట్టింది కాదు. అడగాల్సిన ప్రశ్నే, కాస్త ఆలస్యంగా అడిగాడు.

తర్వాత నెమ్మదిగా కారణాలు వెతుక్కున్నాడు. నా తోకనే కాల్చని అగ్ని ఆ తల్లిని కాలుస్తుందా? ఆమె తేజస్సే ఆమెకు రక్ష. ఇంతలో ఆకాశంలో తిరిగే చారణులనే దేవగణం వాళ్లు అనుకుంటున్న మాటలు చెవిన పడ్డాయి: లంక అంతా కాలింది, జానకి మాత్రం కాలలేదు, ఎంత వింత! మనసు తేలికపడింది. అయినా ఆ మాట నమ్మి అక్కడి నుంచే బయల్దేరిపోలేదు. మళ్లీ అశోకవనానికి వెళ్లి, సీతను కళ్లారా చూసి, ఆమెకు నమస్కరించి, అప్పుడు తిరిగి సముద్రం దాటడానికి అరిష్టపర్వతం ఎక్కాడు.