అమ్మోరికి నేను చెప్పుకుంటలే

భోజనం అన్న మాటే జనం నోట నలిగి బోనం అయ్యింది. ఆషాఢంలో బోనాల పండుగకు, గోల్కొండ జగదాంబ దగ్గర మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళికి, ఆపైన మా పాతబస్తీ లాల్‌దర్వాజ సింహవాహినికి హైదరాబాద్ ఆడవాళ్లు నెత్తిన అన్నం మోసుకెళ్తారు.

మిగతా రోజుల్లో బడికి టైమైపోతున్నా వెంటపడి నోట్లో ముద్ద కుక్కే మా అమ్మ, ఆ ఒక్క ఆదివారం మాత్రం "అమ్మోరు తిన్నంక తిందువు బిడ్డా" అనేది. కొత్త కుండకు పసుపు రాసి, సున్నం, కుంకుమ బొట్లు పెట్టి, వేపమండలు కట్టేది. కొందరిళ్లలో పెరుగన్నం, ఉల్లిపాయ పెడతారు. మాది పాలు పోసి వండిన బెల్లమన్నం. అదే నా కొంప ముంచింది.

నాకప్పుడు ఏడేళ్లు. వంటింట్లో ఎవరూ లేరు. కుండలో చెయ్యి పెట్టాను. వేళ్లు చుర్రుమన్నాయి, అయినా రెండు ముద్దలు మింగాను. మూడోది నోట్లో ఉండగానే అమ్మ వచ్చింది. వెనకాలే నానమ్మ దగ్గు వినబడుతోంది. అమ్మ అన్నంలో పడిన గుంటను చూసింది, నా మూతిని చూసింది. చెంగుతో గబగబా నా మూతి తుడిచి, గరిటెతో ఆ గుంట సర్ది, మూత పెట్టి దానిమీద దీపం నిలిపింది. ఆనక వంగి నా చెవిలో, "అమ్మోరికి నేను చెప్పుకుంటలే" అంది.

గుడి దాకా ఆమె కొంగు పట్టుకునే నడిచాను. దారిలో వాళ్లూ వీళ్లూ వచ్చి అమ్మ కాళ్లమీద నీళ్లు పోస్తున్నారు. ఎదురుగా పోతరాజు కొరడా ఝళిపిస్తూ ఎగురుతున్నాడు. అమ్మోరి తమ్ముడు కదా, అక్క అన్నం దొంగను పట్టేస్తాడని ఒకటే టెన్షన్. గుడిలో అమ్మ కళ్లు మూసుకుని చాలాసేపు పెదాలు కదిపింది. ఏం చెప్పుకుందో నేనెప్పుడూ అడగలేదు.

1813లో జంట నగరాల్లో మహమ్మారి చెలరేగితే, ఉజ్జయినిలో కొలువు చేస్తున్న మన సిపాయి ఒకరు అక్కడి మహంకాళికి మొక్కుకున్నారని, తిరిగొచ్చాక 1815లో సికింద్రాబాద్‌లో విగ్రహం నిలిపారని చెబుతారు. ఆయన పేరు నిలిచింది, మంచిదే. జబ్బుపడ్డ పిల్లల మంచం పక్కన ఆ ఏడాది ఎందరు తల్లులు మొక్కారో, వాళ్ల మొక్కులే కథలోకి రాలేదు.

ఆషాఢంలో అమ్మోరు పుట్టింటికి వస్తుందని మావాళ్ల నమ్మకం. అమ్మా అని మొక్కుతూనే, ఇంటికొచ్చిన ఆడబిడ్డకు పెట్టినట్టు అన్నం పెడతాం. ఈ పండుగలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. అయితే మా అమ్మ మాత్రం బోనాలకు తన పుట్టింటికి వెళ్లగా నేను చూడలేదు. పొద్దున్నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, ఇంకో ఇంటి ఆడబిడ్డ కడుపు నింపడానికి నెత్తిన కుండ ఎత్తుకునేది.

ఇప్పుడు అమ్మకు మోకాళ్లు సహకరించక బోనం నా భార్య ఎత్తుతోంది. అమ్మకు షుగర్, ఆకలికి ఆగకూడదు. మొన్న బోనాలనాడు ప్లేటులో నాలుగు ఇడ్లీలు పెట్టి ముందుంచాను. "అమ్మోరికి నేను చెప్పుకుంటలే, తిను" అన్నాను. నా వంక ఎగాదిగా చూసింది. అరకప్పు చాయ్ మాత్రం తాగి, ఇడ్లీల మీద మూతపెట్టి, "పిల్లలు ఆకలితో వస్తరు" అంటూ పక్కకు జరిపింది.